మందు యాడ కలిపితిరమ్మా?

కోవిల్‌పట్టి మొదలు విరుదునగరం దాకా, ఇళ్ళ స్థలాలుగా మారిన ప్రతి పత్తిచేనిలోనూ మట్టి సారు నేల తొలిచే బరమా దిగింది. ఆ బరమా ఎక్కడ దిగాలో చూపించిన వేలు మాత్రం నాది. ఆయనకు చదువుంది, గాజు సీసాలున్నాయి, విరుదునగరంలో ల్యాబు ఉంది. ముక్కు లేదు. ఏ నేల కడుపులో ఏ విషం దాగుందో గాలి పీల్చి చెప్పే ముక్కు నాది. నేనే లేకపోతే ఆయన ఈ నల్లరేగడిలో కళ్ళకు గంతలు కట్టుకుని తిరిగేవాడు.

ఇరవై ఏళ్ళుగా టీ అంగట్లో నేను చెబుతున్న కథ ఇది. వినేవాళ్ళు మారినప్పుడల్లా చేలు నాలుగు పెరిగేవి. మొన్న కోవిల్‌పట్టి బస్టాండు గోడ మీద ఆయన పోస్టరు చూసేదాకా నాకూ అది నిజమే అనిపించేది.

మా వైపు మనిషి పోతే గోడకు పోస్టరు వేస్తారు. పైన కన్నీటి అంజలి, మధ్యలో ఫొటో, కింద బంధువుల పేర్లు. ఫొటోలో ఆయన భుజాల మీద ఎవరో జరీ శాలువా కప్పారు. ఆ శాలువాలో ఆయన జన్మలో మట్టి ముట్టనివాడిలా కనబడ్డాడు. ముఖం కూడా ఉబ్బిపోయి ఉంది. నేను గుర్తుపట్టింది కళ్ళజోడును. కుడివైపు కాడ విరిగితే పత్తిదారం చుట్టి ముడివేసుకునేవాడు. ఫొటోలోనూ ఆ ముడి ఉంది. శాలువా కప్పినవాళ్ళు దాన్ని దాచలేకపోయారు.

పేరు పోస్టరు మీద ఉంది. నేను రాయను. మాకు ఆయన మట్టి సారే.

తిన్నగా చెబుతాను. ఆయన వెంట నేను తిరిగింది మూడు చేలు. మూడూ ఒకే రోజున. అందులో రెండు మా పక్కవాళ్ళవి, ఒకటి నాది. వేలు చూపించిన మాట మాత్రం నిజం. ఎటు చూపించానన్నదే ఇక్కడ రాయవలసింది.

తొంభైల చివరికి మా వైపు పత్తి పని అయిపోయింది. కాయపురుగు మందుకు లొంగటం మానేసింది. వాన ముఖం చాటేసింది. రోడ్డు పక్క చేలన్నీ తెల్లరాళ్ళు పాతుకుని, రంగు జెండాలు కట్టుకుని ప్లాట్లయ్యాయి. ఆ చేలలో మట్టిని ఎవరూ పరీక్ష చేయలేదు. కొనేవాడు వాస్తు అడిగేవాడు, రోడ్డు అడిగేవాడు, మట్టిలో ఏముందని అడిగేవాడు కాదు. మా మూడు చేలు కొనడానికి వచ్చింది మాత్రం అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళకు ఇళ్ళు కట్టించే ఒక సంఘం. వాళ్ళకు సాయం చేసే దొరలెవరో, ఇన్నేళ్ళు మందు కొట్టిన నేల కదా, పరీక్ష చేయించనిదే ఇటుక పెట్టవద్దన్నారట. అలా వచ్చాడు మట్టి సారు.

భుజాన జోలె, ఒక చేతిలో బరమా, ఇంకో చేతిలో వైరుబుట్ట. బుట్టలో మూతలు బిగించిన గాజు సీసాలు. ప్రతి సీసా మూత కింద వెండికాగితం. బస్సు కండక్టరు ఊరగాయా సార్ అని అడిగాడట. "ఆమా, రేగడి ఊరగాయ" అన్నాడట ఈయన. నవ్వకుండా.

చేని గట్టు మీద చెప్పులు విడిచాడు. రెండూ పక్కపక్కన, ముక్కులు రోడ్డువైపు తిప్పి పెట్టాడు. ఎవరైనా తరిమితే పరుగెత్తడానికా అని నాకు నవ్వొచ్చింది. తరువాత తెలిసింది, ఏ చేనికి పోయినా అంతేనని. ఒక చేని మట్టి చెప్పుకు అంటుకుని ఇంకో చేనికి పోకూడదట.

మాటలన్నీ తమిళంలోనే. నేనూ తమిళంలోనే బదులు చెబుతున్నాను. ఇంట్లో తెలుగే అయినా, గడప దాటితే మేమంతా అంతే కదా. అడుగులు లెక్కపెట్టుకుంటూ చేను అడ్డంగా దాటుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి. దగ్గరికి పోయి విన్నాను.

"వకటి, రెండు, మూణ్ణు, నాలుగు..."

"ఏం సారూ, మనోళ్ళేనా?" అన్నాను.

ఆయన ఆగిపోయాడు. దొంగతనం బయటపడ్డట్టు సిగ్గుపడ్డాడు. "ఇంట్లో దాన్ తెలుగు. బయటంతా అరవమే. లెక్క ఒకటి మాత్రం మా యమ్మ నేర్పించె. వేరే బాసలో పెడితే తప్పిపోతాది." అడుగు నిలిపిన చోటు చూసి, "ఇప్పుడు నువ్వు పలకరిస్తివి, తప్పిపాయె" అన్నాడు. మళ్ళీ గట్టు దాకా వెనక్కి పోయి, ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

మట్టి తీసే తీరు చూడాలి. పైన గడ్డి చెక్కి, బరమా తిప్పి, వచ్చిన మట్టిని గిన్నెలో వేసేవాడు. అలా ఒక చేనిలో పదిహేను చోట్ల. తరువాత గుడ్డ పరిచి అంతా కలిపి, రొట్టెలా చదునుచేసి, వేలితో నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత. ఎదురెదురు భాగాలు రెండు తీసి చేలో పోసేవాడు. మిగిలింది మళ్ళీ కలిపి మళ్ళీ గీతలు. చివరికి చారెడు మిగిలేది. ఆ చారెడును నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే, పక్కచేలో కలుపు తీస్తున్న ఒక ముసలమ్మ నడుము ఎత్తి అడిగింది.

"ఏం సామీ, పిల్లను సూడను వచ్చినావా? నచ్చెనా?"

"పిల్ల బాగుండాది తాయీ. ఇన్నాళ్ళు ఏం తిని పెరిగెనో కనుక్కుంటాండా."

ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. ఆయన నవ్వులో కలవకుండా వాళ్ళ దగ్గరికి పోయి గొంతుక్కూర్చున్నాడు. చేని ఆసామి కాగితాలు పట్టుకుని నిలబడే ఉన్నాడు. వాడిని చూడనే లేదు.

"నీళ్ళు మోసింది ఎవరు తాయీ? మందు యాడ కలిపితిరి?"

ఇదే ఆయన మాట. ఏ ఊళ్ళో అయినా, ఏ చేనిలో అయినా మొదట అడిగేది ఇదేనట. పత్తికి మందు కొట్టేటప్పుడు పంపు మోసేది మగవాళ్ళు. బావినుంచి కడవలతో నీళ్ళు తెచ్చి డ్రమ్ములో పోసేది ఆడవాళ్ళు. కలిపేటప్పుడు ఒలికేదీ, సాయంత్రం పంపు కడిగేదీ, ఖాళీ డబ్బాలు విసిరేసేదీ ఆ డ్రమ్ము దగ్గరే. చేనంతా కొట్టిన మందు ఎండకూ వానకూ పలచబడుతుంది, ఆ ఒక్క చోట మాత్రం ఏళ్ళ తరబడి దిగుతుంది.

"మొగోళ్ళను అడిగితే మందు పేరు సెప్తారు, సోటు సెప్పరు" అన్నాడు నాతో. "కడవ మోసిన నడుముకు సోటు మరపు రాదు. ఆ సోటు మట్టి విడిగా తీయాల. పదిహేనులో కలిపేస్తే దొంగోడు గుంపులో దూరిపోతాడు."

ముసలమ్మ చూపించిన చోట విడిగా తవ్వి, విడి సీసాలో పోసుకున్నాడు. రెండో చేనిలోనూ అంతే. తరువాత నా చేను.

నా చేని ఈశాన్య మూలలో చేనమ్మ ఉండేది. ఆమె పుట్టుక ఈ లోకంలో నాకొక్కడికే తెలుసు. అక్కడ సగం తవ్వి నీళ్ళు పడక వదిలేసిన బావిగుంత ఒకటి ఉండేది. మేం మందు కలిపింది దాని ఒడ్డునే. పంపు కడిగిన నీళ్ళు దానిలోకే. డబ్బాలు దానిలోకే. ఒక ఏడు పురుగుకు పనిచేయని తెల్లపొడి మూట మిగిలితే అదీ దానిలోకే. ఒకనాడు ఎవరిదో మేక అందులో దిగి గడ్డి మేసి, పైకి వచ్చి నురగ కక్కి చచ్చింది. ఆ రాత్రికి నాకు నిద్ర లేదు. మర్నాడే గుంత పూడ్చేశాను. పిల్లలు అక్కడ తవ్వి ఆడకూడదు, మేకలు తోలేవాళ్ళు ఆగకూడదు. ఏం చేయాలి? ఇంట్లో విరిగిన రుబ్బురోలు పొత్రం ఉంటే తెచ్చి నిలబెట్టి, పసుపు పూసి కుంకుమ పెట్టాను. దేవుడంటే తప్ప మావాళ్ళు పక్కకు తప్పుకోరు.

తప్పుకున్నారు. కానీ శుక్రవారం ఎవరో వేపమండ గుచ్చి పోయారు. నెల తిరిగేసరికి దీపం. ఏడాదికి ఎవరో పిల్లలు పుట్టాలని ఆ వేపమండకు చిన్న ఉయ్యాల కట్టారు. పేరెవరు పెట్టారో తెలియదు, చేనమ్మ అయింది. నా మోటారు కాలిపోయి బాగయినప్పుడు నేనే పోయి కర్పూరం వెలిగించాను. రుబ్బురోలు పొత్రానికి! మనిషి ఎంతకు దిగజారుతాడో చూడండి.

మట్టి సారు ఆ మూలకు వస్తూనే ఆగాడు. "ఇదేమి అన్నా?"

"చేనమ్మ సార్. మా ఇంటి దేవత. పది అడుగుల్లో ఇనుము దిగకూడదు."

ఆ మాట ఎలా వచ్చిందో చెప్పలేను. ముందుగా అనుకున్నది కాదు. సంఘం వాళ్ళు తప్ప ఆ నేలకు వేరే బేరం లేదు. పైగా కట్టే ఇళ్ళలో ఒకటి మా అక్కకు ఇస్తామన్నారు. అక్కకు మొగుడు పోయాడు, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని, ఇరవై ఏళ్ళుగా నా పంచన. ఆ ఇల్లు తప్పిపోతుందన్న భయం నోట్లోంచి దేవతై ఊడిపడింది.

ఆయన చేతులు జోడించాడు. కళ్ళు మూసుకుని ఒక క్షణం నిలబడ్డాడు. తరువాత వెనక్కి తిరిగి, మా అమ్మ నాకూ నేర్పిన ఆ లెక్కలోనే, పది అడుగులు దూరం నడిచాడు. వకటి, రెండు, మూణ్ణు... నేను పక్కనే నడిచాను. పదో అడుగు దగ్గర బరమా దించాడు.

"మరి మందు యాడ కలిపితిరి?"

"బావి దగ్గర సార్, ఆ పక్క" అని పడమటివైపు వేలు చూపించాను. ఇదీ నా వేలు సంగతి.

"నీళ్ళు మోసింది?"

"మా యక్క. ఊళ్ళో లేదు. అరుప్పుకోట్టైలో పెళ్ళికి పొయ్యుండాది. వచ్చేదానికి రెండు వారాలైనా పడతాది."

అక్క ఫ్యాక్టరీలో ఉంది. అయిదింటికి వ్యాను దిగుతుంది. అప్పుడు టైము మూడున్నర.

ఆడవాళ్ళను అడగకుండా సంతకం పెట్టని మనిషి ఆయన. నేను బలవంతంగా ఇంటికి తీసుకుపోయాను. ఆయన పని రోజుల్లో ఎవరింట్లోనూ తినడు. జోలెలో పెరుగన్నం, దానికొక చెంచా. చేతిలో ఏ మట్టి ఏ మందు ఉంటుందోనని చేత్తో తినడు. చాలా ఊళ్ళలో ఆ చెంచాను చూసి గర్విష్ఠి అనుకునేవాళ్ళు. మా ఇంట్లో సజ్జ సంగటి, రోట్లో నూరిన చెనిక్కాయల ఊరుబిండి పెడితే ఆకు వైపు చాలాసేపు చూశాడు. లేచి పోయి సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుని వచ్చి, చేత్తో తిన్నాడు.

"మా యమ్మ పొయ్యినంక ఈ ఊరుబిండి తినలే" అన్నాడు.

నాలుగున్నర బస్సుకు ఎక్కించాను. ఆ బస్సూ అక్క వచ్చే వ్యానూ సాత్తూరు రోడ్డు మీద ఎదురుపడే ఉంటాయి.

అక్క కోసం ఆగకుండానే సారు సంతకం పెట్టాడు. రిపోర్టు బాగానే వచ్చింది. నేల అమ్మాను. ఇళ్ళు లేచాయి. చేనమ్మ ఉన్న మూలను సంఘం వాళ్ళు భక్తిగా ఖాళీ వదిలారు. బోరు ఎక్కడ వేయాలన్న మాట వచ్చినప్పుడు, అమ్మ పక్కన వేస్తే నీళ్ళు తియ్యగా ఉంటాయని ఎవరో అన్నారు. అందరూ అవునన్నారు. బోరు లారీ వచ్చింది. నేల ఇచ్చినవాడు కదా అని టెంకాయ నా చేతికిచ్చారు. కొట్టాను. రెండు చెక్కలూ సమంగా పగిలాయి. మంచిదన్నారు.

అక్కకు రెండో వరసలో ఇల్లు. చేరిన కొన్నాళ్ళకే నన్ను పిలిచింది. పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి.

"ఒరే, ఇట్లా వంగి సూడు. పత్తిమందు వాసన రాలే?"

వంగాను. సగం వెల్లుల్లి, సగం కిరసనాయిలు. నా ఒంటికి ఇరవై ఏళ్ళు పట్టిన వాసన అది.

"కొత్త పైపు వాసనక్కా. నాలుగు నాళ్ళు పోతే పోతాది" అన్నాను.

అక్క నావైపు చూసింది.

ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. మూడో రోజే విరుదునగరం బస్సెక్కాను. ల్యాబు మెట్ల మీద మట్టి సారు సీసాలకు చీట్లు అంటిస్తున్నాడు. పోయి కాళ్ళు పట్టుకున్నాను. సార్, అది దేవత కాదు, పొత్రం, దాని కింద పాడుబావి ఉందని చెప్పేశాను. ఆయన కళ్ళజోడు తీసి, దారం ముడి సరిచేసుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. ఒక్క మాట అనలేదు. జోలె తీసుకుని నాతో వచ్చాడు.

గట్టు ఇప్పుడు లేదు, సిమెంటు దారి ఉంది. ఆ దారి అంచునే చెప్పులు విడిచి, ముక్కులు రోడ్డువైపు తిప్పి పెట్టాడు. కాలనీ ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. అమ్మను కదిలిస్తే ఊరుకోమని కొందరు అడ్డం నిలబడ్డారు. ఆయన వాళ్ళతో వాదించలేదు. చేనమ్మ ముందు కూర్చుని, "తల్లీ, నీ కింద ఏముండాదో సూడను సెలవియ్యి" అని గట్టిగా అందరికీ వినబడేలా అడిగాడు. తానే పొత్రాన్ని రెండు చేతులా ఎత్తి, బిందెడు నీళ్ళతో కడిగి, ఒక తుండుగుడ్డ మీద పడుకోబెట్టాడు. తరువాత బరమా దించాడు. మూడోసారి తిప్పేసరికే వాసన వచ్చింది. నాలుగోసారికి తుప్పుపట్టిన డబ్బా రేకు.

బోరు మూసేశారు. పడమటి అంచున వేరే బోరు వేసి, నీళ్ళు పరీక్షకు పంపి, అవి బాగున్నాయన్నాకే తాగారు. చేనమ్మను అక్కడ పెట్టారు. ఇప్పటికీ దీపం వెలుగుతుంది.

మట్టి సారు తన మొదటి రిపోర్టు తప్పని తానే సంఘానికి ఉత్తరం రాశాడు. అందులో నా అబద్ధం లేదు, నా పేరు లేదు. నీళ్ళు మోసినవారిని అడగకుండా సంతకం చేశాను, అది నా తప్పు అని ఉందట. ఆ తరువాత ల్యాబు వాళ్ళు ఆయన్ను చేలకు పంపలేదు. వెనక రేకుల షెడ్డులో సీసాలు కడిగే పని ఇచ్చారు. అలా కొన్నేళ్ళు కడిగాడు.

ఒకసారి విరుదునగరం బస్టాండులో ఆయన్ను చూశాను. వైరుబుట్ట లేదు, బరమా లేదు. ఈ ప్లాట్‌ఫారం నుంచి ఆ ప్లాట్‌ఫారానికి నడుస్తున్నాడు, పెదవులు కదులుతున్నాయి. మూణ్ణు, నాలుగు, అయిదు. నేను కూర్చున్న బస్సు కిటికీ ఆయనకు నాలుగు అడుగుల దూరం. నేను పేపరు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. నన్ను ఒక్క మాట అనని మనిషిని చూసి ఎందుకు దాక్కున్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఇంతవరకూ రాసి మా అక్కకు చదివి వినిపించాను. ఈ అక్షరాలు నాకు వచ్చింది వయసులో గుంటూరు వైపు జిన్నింగు మిల్లులో పనిచేసినప్పుడు. అక్కకు తెలుగు నోటనే, కంటికి రాదు. చింతపండు గింజలు తీస్తూ చివరిదాకా విన్నది. గింజను పళ్ళెంలో వేసి, కత్తిపీట పక్కకు జరిపింది.

"ముక్కు నాది అని రాసినావే, పత్తిమందును పైపు వాసన అన్న ముక్కేనా అది?"

"అది ఒప్పుకుంటిని కదక్కా. చదివితిని కదా."

"మూడో రోజంట! మూడు నెలలు తాగితిమిరా ఆ నీళ్ళు. నువ్వు కదలతావేమో అని నీ మొగం సూసి సూసి, ఆఖరికి ఫ్యాక్టరీకి లీవు పెట్టి నేను పోతిని. విరుదునగరంలో దారి తెలియక ముగ్గురిని అడిగి పోతిని. కాళ్ళు పట్టుకున్నాడంట! ఆయప్ప వచ్చి తవ్విన రోజు నువ్వు యాడుంటివి? కయత్తారుకు గాలి కరెంటు మిషన్లు సూడను పొయ్యింటివి. ఈ తవ్విన కతంతా నేను సెప్పిందే, నాకే సదివి సెప్తాండావు."

నేను కాగితాలు సర్దుకోబోయాను.

"ఉండు. 'నన్ను ఒక్క మాట అనని మనిషి' అని రాసినావే, నీకెట్లా తెలుసు? నన్ను అడిగె. 'అమ్మా, ఆ పొద్దు నువ్వు అరుప్పుకోట్టైలో ఉంటివా?' అనె. 'లే సామీ, ఫ్యాక్టరీలో ఉంటిని, అయిదుకంతా ఇంట్లో ఉంటిని' అంటిని. ఆయప్ప సీసా కింద పెట్టి, 'అరగంట ఉండింటే సరిపొయ్యుండునే తాయీ, సంగటి తిని బస్సెక్కేస్తిని' అనె. తన్నే తిట్టుకునెరా, నిన్ను కాదు. అంతా సెప్పినంక కూడా నన్ను కూసోబెట్టి మళ్ళీ మొదట్నుంచి అడిగె, మందు యాడ కలిపితిరమ్మా అని. అదన్నా సక్కంగా రాయి. నేను పోలే, మా యక్క పోయె అని రాయి. ఇంకేమీ కలపొద్దు."